తీరప్రాంత మత్స్య సంపద పరిరక్షణ: జీవావరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణ ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14వ తేదీ అర్ధరాత్రి దాటగానే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులలో మరపడవలు లంగరు వేసి నిలిచిపోతాయి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరమంతటా సముద్రంలో చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. మరబోట్లకు, ఇంజను అమర్చిన పడవలకు ఈ నిషేధం వర్తిస్తుంది. తెడ్డుతో, తెరచాపతో నడిచే సంప్రదాయ తెప్పలకు, నావలకు మినహాయింపు ఉంది. అనేక జాతుల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో వాటికి విశ్రాంతి కల్పించడమే నిషేధం ఉద్దేశ్యం. 2015కు ముందు ఏప్రిల్ 15 నుండి మే 31 వరకు 47 రోజులుగా ఉన్న ఈ గడువును ఆ సంవత్సరం నుండి 61 రోజులకు పెంచడం జరిగింది.

నిషేధ కాలం ముగిసి పడవలు కడలిలోకి వెళ్లే రోజున పత్రికలలో ఛాయాచిత్రాలు, వార్తలు వెలువడతాయి. నిషేధ ఫలితం ఎలా ఉందన్న చర్చ కూడా ఆ కొద్దిరోజులకే పరిమితమవుతుంది. సంవత్సరంలో మిగిలిన 304 రోజులు సముద్రంలో ఏమి జరుగుతున్నదన్నదే మత్స్య సంపద భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. 61 రోజులలో పుట్టిన పిల్లలను ఆ తరువాతి నెలల్లో సన్న కన్ను వలలతో తుడిచిపెడితే, అవి పెరగవలసిన మడ అడవులను నరికివేస్తే, నదీముఖాలు పూడిపోతే నిషేధ కాలంలో మత్స్యకారులు చేసిన త్యాగం వృథా అవుతుంది. ఈ కారణంగానే చేపను ఒక్కదానినే కాక, చేప బ్రతికే నీటిని, తినే ఆహారాన్ని, పుట్టే చోటును, దానిపై ఆధారపడి జీవించే మనుషులను కలిపి చూసే జీవావరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణ విధానం ప్రపంచవ్యాప్తంగా ప్రాధాన్యం సంతరించుకుంది. ఈ విధానంలోని ముఖ్యాంశాలను ఆంధ్రప్రదేశ్ తీరానికి అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

జీవావరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణ అంటే ఏమిటి?

పూర్వపు విధానంలో ఒక్కొక్క చేప జాతిని విడిగా తీసుకుని, దాని నిల్వ ఎంత, ఏటా ఎంత పట్టవచ్చు అన్న లెక్క వేసేవారు. ఈ లెక్క అవసరమైనదే గాని, చాలినది కాదు. కవ్వళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపలను అధికంగా పడితే వాటిని తిని బ్రతికే వంజరం, తూర వంటి పెద్ద చేపలకు ఆహారం కరవవుతుంది. రొయ్యల కోసం అడుగున లాగే వలలో తాబేళ్లు, పిల్ల చేపలు కూడా చిక్కుతాయి. ఒక జాతి కోసం వేసిన వల మొత్తం వ్యవస్థను తాకుతుందని దీనినిబట్టి స్పష్టమవుతున్నది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో బాధ్యతాయుత మత్స్య పరిశ్రమ ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. జీవవైవిధ్య ఒప్పందంలోని సభ్య దేశాలు 2000లో నైరోబీ సమావేశంలో జీవావరణ వ్యవస్థ విధానానికి సంబంధించిన 12 సూత్రాలను అంగీకరించాయి. 2001లో ఐస్‌లాండ్ రాజధాని రెక్జావిక్‌లో జరిగిన సమావేశం ఈ దృక్పథాన్ని మత్స్య రంగానికి వర్తింపజేయాలని ప్రకటించింది. ఆహార, వ్యవసాయ సంస్థ 2003లో ఇందుకు మార్గదర్శకాలు వెలువరించింది. వీటి సారాంశాన్ని మూడు మాటలలో చెప్పవచ్చు. ప్రకృతి క్షేమంగా ఉండాలి. దానిపై ఆధారపడిన ప్రజలు క్షేమంగా ఉండాలి. ఈ రెండింటినీ సమన్వయపరచే పాలన సక్రమంగా ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండు నిలువవు.

ప్రపంచం నేర్చుకున్న గుణపాఠం

ఈ ఆలోచన వెనుక చేదు అనుభవాలు ఉన్నాయి. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ ప్రాంతం శతాబ్దాల పాటు కాడ్ చేపకు ప్రసిద్ధి. భారీ ట్రాలర్ల రాకతో పట్టుబడి విపరీతంగా పెరిగింది. సముద్రంలో ఉన్న నిల్వలను శాస్త్రవేత్తలు వాస్తవం కంటే అధికంగా అంచనా వేశారు. చివరకు 1992 జూలైలో అక్కడి ప్రభుత్వం ఉత్తర కాడ్ వేటను పూర్తిగా నిలిపివేయవలసి వచ్చింది. 30 వేల మందికి పైగా ఉపాధి కోల్పోయారు. కొద్ది సంవత్సరాలకే అని భావించిన ఆ నిషేధాన్ని తొలగించి పరిమిత కోటాతో వాణిజ్య వేటను తిరిగి అనుమతించింది 2024లో, అంటే 32 సంవత్సరాల తరువాత. సముద్రం ఒకసారి వట్టిపోతే తిరిగి నిండడానికి ఒక తరం సరిపోదని ఈ ఉదంతం చాటుతున్నది.

మన దేశంలో కేరళ నూనె కవ్వళ్ల అనుభవం మరొక కోణాన్ని చూపుతున్నది. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2012లో సుమారు 3.9 లక్షల టన్నులుగా ఉన్న కేరళ కవ్వళ్ల పట్టుబడి 2021లో 3,297 టన్నులకు పడిపోయింది. ఆ తరువాతి సంవత్సరాలలో తిరిగి పుంజుకుంది. ఈ హెచ్చుతగ్గులకు అధిక వేటతో పాటు సముద్రపు ఉష్ణోగ్రత, వర్షపాతం, నీటి అడుగు నుండి పైకి వచ్చే పోషకాల తీరు కూడా కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. వలను అదుపు చేయగలం గాని సముద్రపు వేడిని అదుపు చేయలేం. కనుక సముద్రం బలహీనంగా ఉన్న సంవత్సరాలలో వలను మరింత అదుపులో ఉంచుకోవడం విజ్ఞత.

నిరాశకు మాత్రం తావు లేదు. ఇదే సంస్థ 2022 సంవత్సరానికి దేశంలోని వివిధ ప్రాంతాలకు చెందిన 135 చేపల నిల్వలను పరిశీలించి, వాటిలో 91.1 శాతం ఆరోగ్యకరంగా ఉన్నట్లు తేల్చింది. అనగా మన సముద్రం ఇంకా వట్టిపోలేదు. కాపాడుకోవలసిన అసలు మిగిలి ఉండగానే కాపాడుకోవడం సులభం.

ఆంధ్రప్రదేశ్ తీరం

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు దశాబ్దాలుగా 974 కిలోమీటర్లుగా లెక్కలలో ఉండేది. ఆధునిక పద్ధతులలో తిరిగి కొలిచిన మీదట దీనిని 1,053 కిలోమీటర్లుగా సవరించడం జరిగింది. శ్రీకాకుళం నుండి తిరుపతి వరకు 12 జిల్లాలకు సముద్ర తీరం ఉంది. 2010 సముద్ర మత్స్య గణన ప్రకారం రాష్ట్రంలో 555 సముద్ర మత్స్యకార గ్రామాలు, 353 చేపలు దించే కేంద్రాలు ఉన్నాయి. వాడబలిజ, జాలారి, పల్లెకారు, అగ్నికులక్షత్రియ, పట్టపు తదితర వర్గాలు తరతరాలుగా ఈ వృత్తిని నమ్ముకుని జీవిస్తున్నాయి. పురుషులు వేటకు వెళితే, చేపలను ఎండబెట్టడం, ఉప్పు పట్టడం, తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మడం స్త్రీల బాధ్యత. పట్టుబడి తగ్గితే మొదట తట్ట ఖాళీ అయ్యేది వారిదే.

ఈ తీరానికి గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార, నాగావళి నదులు ప్రాణాధారం. నదులు మోసుకువచ్చే ఒండ్రు, పోషకాలు సముద్రపు నీటిని సారవంతం చేస్తాయి. రాష్ట్రపు సముద్ర మత్స్య సంపదను అర్థం చేసుకోవడం ఈ నదీముఖాల నుండే ప్రారంభించాలి.

నది, మడ, సముద్రం: ఒకే గొలుసు

టైగర్ రొయ్య జీవితచక్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి వెలువడిన లార్వా కొన్ని దశలు మారి, కొద్ది వారాలలో పోటు నీటితో పాటు నదీముఖాలలోకి, మడ అడవుల నడుమ ఉండే కాల్వలలోకి చేరుతుంది. మడ వేళ్ల మధ్య ఆహారం, ఆశ్రయం పొంది కొన్ని నెలలు పెరిగి, తిరిగి సముద్రంలోకి వెళుతుంది. సముద్రంలో వల వేసిన మత్స్యకారుని రాబడి ఆ విధంగా మడ అడవి నీడలో తయారవుతున్నది. పండుగప్ప, మడ పీత వంటివి కూడా ఇటువంటి నీళ్లపైనే ఆధారపడతాయి.

కాకినాడ సమీపంలోని కోరింగ అభయారణ్యాన్ని 1978లో ఏర్పాటు చేశారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న ఈ అభయారణ్యం గోదావరి ముఖద్వారపు మడ అడవులకు నెలవు. కృష్ణా నదీముఖంలో నాగాయలంక పరిసరాలలో కూడా మడ అడవులు ఉన్నాయి. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం రాష్ట్రంలో మడ అడవుల విస్తీర్ణం 405 చదరపు కిలోమీటర్లు. మడలు చేపలకు పురిటిల్లు మాత్రమే కాక, తుపాను ఉప్పెనల నుండి తీరగ్రామాలకు రక్షణ కవచం కూడా. 1999 నాటి ఒడిశా పెను తుపానులో కేంద్రపడా జిల్లాలో మడ అడవులు దట్టంగా మిగిలిన చోట్ల వాటి వెనుక ఉన్న గ్రామాలలో ప్రాణనష్టం తక్కువగా ఉన్నట్లు పరిశోధకులు నిర్ధారించారు. మడను నరికి చెరువు తవ్వితే ఆ చెరువు లాభం ఒకరికి చేరుతుంది. నష్టం మాత్రం సముద్రంలో వల వేసే వందలాది మందికి, తుపానుకు ఎదురుగా నిలిచే గ్రామానికి చేరుతుంది. ఈ లెక్కను ప్రాజెక్టుల మంజూరు సమయంలోనే వేయడం జీవావరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణలో ప్రధానాంశం.

పులస కథ ఇంతకంటే విస్పష్టమైనది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాలలో నానుడి. సముద్రంలో విలసగా వ్యవహరించే ఈ చేప వరద కాలంలో అంతర్వేది తదితర ముఖద్వారాల గుండా గోదావరిలోకి ప్రవేశించి, ఎర్రనీటికి ఎదురీది, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అదే ఆనకట్ట, ఆ తరువాత దాని స్థానంలో నిర్మించిన బ్యారేజీ పులస ప్రయాణానికి హద్దుగా మారాయి. నదిలో తగినంత నీరు రాని సంవత్సరాలలో, ముఖద్వారం వద్దే వలలు అడ్డుగా నిలిచినపుడు పులస రాక తగ్గుతుంది. పులసను కాపాడాలంటే మత్స్యశాఖ ఒక్కటే చాలదు. జలవనరుల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, అటవీశాఖ, నదీతీర పంచాయతీలు ఒకే బల్ల వద్ద కూర్చోవాలి.

ఇదే చేప విషయంలో బంగ్లాదేశ్ అనుసరిస్తున్న పద్ధతి గమనార్హం. అక్కడ తల్లి చేపలు గుడ్లు పెట్టే అక్టోబరు మాసంలో 22 రోజుల పాటు వేటను నిలిపివేస్తున్నారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్ల చేపలను నవంబరు నుండి జూన్ వరకు పట్టరాదు. నదీ ప్రాంతాలలో ప్రత్యేక రక్షిత మండలాలను ప్రకటించారు. వేట లేని కాలంలో మత్స్యకార కుటుంబాలకు బియ్యం పంపిణీ చేస్తున్నారు. చేపకు, మనిషికి ఏకకాలంలో రక్షణ కల్పించే ప్రయత్నంగా దీనిని పేర్కొనవచ్చు.

వల కన్ను, పిల్ల చేప

విత్తనపు గింజలను వండుకు తిన్న రైతుకు మరుసటి ఏడు పంట ఉండదు. పిల్ల చేపలను పట్టడం కూడా ఇటువంటిదే. చేప తన జీవితంలో ఒక్కసారైనా గుడ్లు పెట్టిన తరువాత పట్టుబడితే వంశం నిలుస్తుంది. అంతకు ముందే పట్టుబడితే రెండు విధాల నష్టం కలుగుతుంది. ఒకటి, మరికొన్ని నెలలు ఆగితే కిలో బరువు తూగవలసిన చేప గ్రాములలో అమ్ముడుపోతుంది. రెండు, తరువాతి తరానికి గుడ్లు పెట్టే తల్లులు తగ్గిపోతాయి. సన్న కన్ను వలలలో పడిన పిల్ల చేపలు తినడానికి పనికిరాక చేపల పొడి కర్మాగారాలకు తక్కువ ధరకు తరలిపోతున్నాయి. ఈ వ్యాపారంలో పట్టినవానికి మిగిలేది స్వల్పం.

దీనికి పరిష్కారంగా పట్టదగిన కనీస పరిమాణాన్ని నిర్ణయించే పద్ధతిని కేరళ ప్రభుత్వం 2015లో 14 జాతులతో ప్రారంభించి, తరువాత 58 జాతులకు విస్తరించింది. ట్రాల్ వల చివరి సంచిలో వజ్రాకారపు కన్నుకు బదులు చదరపు కన్ను అమర్చాలని కేంద్రీయ మత్స్య సాంకేతిక విజ్ఞాన సంస్థ సిఫారసు చేసింది. వల లాగినపుడు వజ్రాకారపు కన్ను మూసుకుపోతుంది. చదరపు కన్ను తెరుచుకునే ఉండడం వలన పిల్ల చేపలు తప్పించుకోగలుగుతాయి.

తాబేలు భద్రతే మత్స్యకారుని భద్రత

ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతకాలం చివరి నుండి వేసవి ఆరంభం వరకు శ్రీకాకుళం, విశాఖపట్నం, కాకినాడ సమీపంలోని హోప్ ఐలాండ్, కృష్ణా ముఖద్వారం తదితర తీరాలలో ఇసుకలో గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 వీటికి అత్యున్నత రక్షణ కల్పించింది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. గంటల తరబడి నీటి అడుగున లాగే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక మరణిస్తుంది. 2025 ఆరంభంలో చెన్నై, కాకినాడ పరిసర తీరాలకు పెద్ద సంఖ్యలో మృత తాబేళ్లు కొట్టుకురావడం ఆందోళన కలిగించిన విషయం విదితమే.

దీనికి పరిష్కారం టెడ్ అనే తాబేళ్ల రక్షణ పరికరం. వల మధ్యలో నిలువు కమ్మీలతో కూడిన లోహపు చట్రాన్ని అమర్చుతారు. సుమారు 10 సెంటీమీటర్ల ఎడంతో ఉండే కమ్మీల గుండా రొయ్యలు, చేపలు వల సంచిలోకి వెళతాయి. తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న తలుపు గుండా బయటపడుతుంది. చట్రం వలన కొంత పట్టుబడి జారిపోతుందన్న సందేహం మత్స్యకారులలో ఉంది. ఈ నష్టం తగ్గేలా కేంద్రీయ మత్స్య సాంకేతిక విజ్ఞాన సంస్థ మన పడవలకు అనువైన నమూనాను రూపొందించింది.

ఇది కేవలం దయకు సంబంధించిన విషయం కాదు. తాబేళ్ల రక్షణ పరికరం లేని ట్రాల్ వలలతో పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా 1989 నాటి చట్టం ద్వారా నిరోధిస్తున్నది. దీనిపై భారత్ సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించగా 1998లో తీర్పు వెలువడింది. 2019లో భారతదేశపు సముద్రపు రొయ్యల దిగుమతిని అమెరికా నిలిపివేసింది. చెరువు రొయ్యలకు ఇది వర్తించకపోయినా, సముద్రపు రొయ్యపై ఆధారపడిన మరపడవలు, వాటిపై పనిచేసే కలాసీలు ఒక పెద్ద విపణిని కోల్పోయారు. తాబేలుకు తలుపు తెరవకపోతే మన రొయ్యకు విపణి తలుపు మూసుకుపోతుందన్నది దీని సారాంశం.

ఎనిమిది కిలోమీటర్ల హద్దు

రాజ్యాంగం ప్రకారం 12 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 22 కిలోమీటర్ల ప్రాదేశిక జలాలలో చేపల వేట రాష్ట్రాల పరిధిలోనిది. అంతకు ఆవల 200 నాటికల్ మైళ్ల వరకు ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలిపై అధికారం కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దీని కింద తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు ఉన్న జలాలను సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించడం జరిగింది. మరపడవలు ఆ హద్దు దాటి వేట సాగించాలి. చిన్న తెప్పలు దూరం పోలేవు. పెద్ద పడవలు దగ్గర జలాలలోకి వస్తే చిన్నవారి వలలు తెగిపోతాయి, వారి చేప పెద్దవారి సంచిలో పడుతుంది.

ఈ హద్దు కాగితంపై మాత్రమే మిగిలితే ఏమి జరుగుతుందో 2022 జనవరిలో విశాఖపట్నం తీరం చూపింది. రింగు వలల వాడకంపై మత్స్యకార గ్రామాల మధ్య తలెత్తిన వివాదం ఘర్షణగా మారి పడవలు దగ్ధమయ్యాయి. నిషేధాజ్ఞలు విధించవలసి వచ్చింది. రింగు వల చేపల గుంపును చుట్టుముట్టి ఒకేసారి పైకి లాగుతుంది. దానిని 8 కిలోమీటర్ల లోపల వాడరాదన్నది సంప్రదాయ మత్స్యకారుల వాదన. వలలపై లక్షల రూపాయలు అప్పు చేసి పెట్టుబడి పెట్టామన్నది రింగు వలల వారి ఆవేదన. రెండు పక్షాలూ మత్స్యకారులే, రెండు పక్షాలవీ కుటుంబాలే. సముద్రంలో చేప తగ్గిన కొద్దీ ఒడ్డున వైరం పెరుగుతుందన్న సత్యాన్ని ఈ ఘటన వెల్లడించింది. చేపల నిల్వను కాపాడడం శాంతిభద్రతల పరిరక్షణలో కూడా భాగమేనని జిల్లా యంత్రాంగం గుర్తించవలసి ఉంది.

ప్రత్యేక ఆర్థిక మండలిలో విద్యుత్ దీపాల వెలుగుతో చేపలను ఆకర్షించి పట్టడాన్ని, రెండు పడవలు కలిసి ఒకే వలను లాగే జంట ట్రాలింగును కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో నిషేధించింది. 2025 నవంబరులో ప్రకటించిన ప్రత్యేక ఆర్థిక మండలి మత్స్య సంపద సుస్థిర వినియోగ నియమాలు ఈ నిషేధాలను పునరుద్ఘాటించాయి. సహకార సంఘాలకు, మత్స్య ఉత్పత్తిదారుల సంస్థలకు ప్రాధాన్యం ఇచ్చాయి. భాగస్వాములతో సంప్రదించి మత్స్య నిర్వహణ ప్రణాళికలు రూపొందించాలని, పట్టదగిన కనీస పరిమాణాలను నిర్ణయించాలని నిర్దేశించాయి.

చట్టానికి తోడు కట్టుబాటు

వెయ్యి కిలోమీటర్ల పైబడిన తీరాన్ని గస్తీ పడవలతో మాత్రమే కాపాడడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. మత్స్యకార గ్రామాలలో పూర్వం నుండి కట్టుబాటు అనే వ్యవస్థ ఉంది. ఎక్కడ వల వేయాలి, ఎవరు ముందు వేయాలి, తగవు వస్తే ఎలా తీర్చాలి అన్న విషయాలను కులపెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య ఉన్న పులికాట్ సరస్సులో పాడు అనే పద్ధతి వాడుకలో ఉంది. దీని ప్రకారం మంచి వేట స్థలాలను చీటీల ద్వారా, వంతుల ద్వారా కుటుంబాలు పంచుకుంటాయి. ఒకే చోట అందరూ వలలు వేసి సరస్సును పిండకుండా, ఒక్కరే మంచి చోటు ఆక్రమించకుండా ఈ ఏర్పాటు నివారిస్తుంది.

కట్టుబాట్లన్నీ లోపరహితమని చెప్పలేము. వాటిలో స్త్రీల మాటకు చోటు లేదు. చేరని వర్గాల వారికి న్యాయం అందదు. అయినప్పటికీ గ్రామం తనంతట తాను ఒప్పుకున్న నియమం, బయటి నుండి విధించిన నియమం కంటే బలంగా నిలుస్తుందన్నది అనుభవసారం. చట్టానికి గ్రామ కట్టుబాటును జోడించి, మత్స్యకార మహిళా సంఘాలను అందులో భాగస్వాములను చేయడాన్ని ఉమ్మడి నిర్వహణ అంటున్నారు. చిన్నతరహా మత్స్యకారుల హక్కులపై ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన మార్గదర్శకాలు, 2017 నాటి జాతీయ సముద్ర మత్స్య విధానం ఈ దిశనే సూచించాయి.

కేరళలోని అష్టముడి సరస్సులో ఆల్చిప్పల సేకరణ ఇందుకు ఉదాహరణ. పిల్ల ఆల్చిప్పలను తీయరాదని, గుడ్లు పెట్టే నెలల్లో సేకరణ ఆపాలని అక్కడి మత్స్యకారులు, శాస్త్రవేత్తలు, అధికారులు కలిసి నియమాలు పెట్టుకున్నారు. ఫలితంగా 2014లో ఈ సేకరణకు అంతర్జాతీయ సుస్థిరతా ధ్రువీకరణ లభించింది. దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి మత్స్య వనరు ఇదే కావడం విశేషం.

విరామానికి భృతి

ఆకలితో ఉన్నవానికి పరిరక్షణ పాఠం చెప్పడం ధర్మం కాదు. వేట నిషేధ కాలంలో రాష్ట్ర ప్రభుత్వం అందించే భృతి 2019లో కుటుంబానికి రూ. 10,000కు పెరిగింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ప్రారంభించిన మత్స్యకార సేవలో పథకం ద్వారా దీనిని రూ. 20,000కు పెంచడం జరిగింది. భృతి చేపకు ఇచ్చిన విశ్రాంతికి సమాజం చెల్లించే మూల్యం. దానిని దానంగా భావించరాదు. పడవపై పనిచేసే కలాసీ పేరు జాబితాలో ఉందా, పడవ యజమాని పేరు మాత్రమే ఉందా అన్నది క్షేత్రస్థాయి అధికారులు జాగ్రత్తగా పరిశీలించవలసిన విషయం. చేపలు అమ్ముకుని, ఎండబెట్టుకుని జీవించే ఒంటరి మహిళలకు కూడా నిషేధ కాలంలో పని ఉండదన్న సంగతిని మరువరాదు.

లెక్కలను ఎలా చదవాలి?

మత్స్య రంగంపై వార్తలు రాసే పాత్రికేయులు, నివేదికలు సిద్ధపరచే అధికారులు సాధారణంగా మొత్తం ఉత్పత్తి ఎన్ని టన్నులు అన్న అంకెనే ప్రస్తావిస్తారు. ఈ ఒక్క అంకె కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది. టన్నులు పెరుగుతూ ఉండగానే సముద్రం క్షీణించవచ్చు. పడవలు పెరిగి, ఇంజన్లు పెద్దవై, దూరం పోయి పట్టుకురావడం వలన టన్నులు పెరగవచ్చు. కనుక ఈ క్రింది ప్రశ్నలను కూడా వేయడం అవసరం.

1. ఒక పడవ ఒక రోజు వేటకు ఎంత చేప లభిస్తున్నది? ఈ పరిమాణం ఏటేటా తగ్గుతుంటే, మొత్తం టన్నులు పెరిగినా, అది హెచ్చరికే.

2. రేవుకు వచ్చే చేపల సగటు పొడవు ఎంత? పెద్ద చేపలు అరుదై చిన్నవే వస్తుంటే తల్లి చేపలు తగ్గుతున్నట్లు.

3. ఏ జాతులు వస్తున్నాయి? వంజరం, చందువ, సొర తగ్గి, ఆహారపు గొలుసులో కింది స్థాయి చేపలు మాత్రమే పెరగడం వ్యవస్థ సమతూకం తప్పిందనడానికి సంకేతం.

4. పట్టుబడిలో చేపల పొడికి తరలిపోయే భాగం ఎంత?

5. మడ అడవుల విస్తీర్ణం, నదీముఖాల స్థితి, ఒడ్డుకు కొట్టుకువచ్చే తాబేళ్ల సంఖ్య ఎలా ఉన్నాయి?

6. డీజిల్, ఐసు, వలల ఖర్చు పోగా కలాసీ చేతికి వచ్చే వాటా ఎంత?

చివరి ప్రశ్న మత్స్య శాస్త్రానికి చెందనిదిగా కనిపించవచ్చు. జీవావరణ వ్యవస్థలో మనిషి కూడా భాగమేనని అంగీకరించినపుడు దాని ప్రాముఖ్యం అర్థమవుతుంది. వాటా తగ్గిన కలాసీ మరింత సన్న కన్ను వలను ఆశ్రయిస్తాడు. దానితో చేప మరింత తగ్గుతుంది. ఈ విషవలయాన్ని ఛేదించడమే నిర్వహణ లక్ష్యం.

సాంకేతిక పరిజ్ఞానం ఈ పనిలో తోడ్పడుతున్నది. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహ సమాచారం ఆధారంగా చేపలు లభించే ప్రాంతాల సూచనలను మత్స్యకారులకు అందిస్తున్నది. దీని వలన వెతుకులాట, డీజిల్ ఖర్చు తగ్గుతాయి. 2024 ఆగస్టులో లక్ష మత్స్య నౌకలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. తుపాను సమయంలో ప్రాణరక్షణకు ఉపయోగపడే ఈ పరికరం, పడవ ఏ హద్దులో వేట సాగిస్తున్నదో తెలుసుకోవడానికి కూడా తోడ్పడగలదు. చేపను త్వరగా కనుగొనే నేర్పు పెరిగిన కొద్దీ దానిని వదిలిపెట్టే నియమం కూడా పెరగాలన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

ముగింపు

61 రోజుల నిషేధం ఒక మంచి ప్రారంభం. నిషేధాన్ని పాటించే మత్స్యకారుడు తన వంతు కర్తవ్యాన్ని నెరవేరుస్తున్నాడు. మిగిలిన 304 రోజులలో వల కన్నును నియంత్రించడం, 8 కిలోమీటర్ల హద్దును గౌరవించడం, తాబేలుకు తోవ ఇవ్వడం, మడ అడవిని నిలుపుకోవడం, నదికి నీరు, ముఖద్వారానికి దారి ఉంచడం మత్స్యశాఖతో పాటు అన్ని శాఖల, పరిశ్రమల, వినియోగదారుల ఉమ్మడి బాధ్యత. వేట నిషేధం గురించి రాసే ప్రతి వార్తలో ఈ 304 రోజుల ప్రస్తావన చేర్చాలని పాత్రికేయ మిత్రులకు విజ్ఞప్తి. జిల్లా స్థాయి సమీక్షలలో టన్నులతో పాటు మడలు, తాబేళ్లు, కలాసీ వాటాల అంశాలను కూడా చేర్చవలసిందిగా అధికారులకు సూచన. తీరంలోని నేటి బాలుడు పెద్దవాడై వల వేసే నాటికి ఆ వలలో చేప పడాలంటే ఈ జాగ్రత్త నేడే అవసరం.